పాత యంత్రములకు ఉద్వాసన

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదిన మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోసు 10 అను ఆపరేటింగు సిస్టమునకు తమ పోషణను విరమించుకొనిరి. 2015 జూలైలో బయలుదేరి పదియేండ్లకు పైగా కోట్లకొలది యంత్రములను నడిపిన ఆ వ్యవస్థ ఆ నాటితో దిక్కులేనిదైనది. ఇకమీదట విండోసు 11కు మారుడని కంపెనీవారి హితోపదేశము. మారుటకు జనులకు అభ్యంతరము లేదు. మారనిచ్చుటకే కంపెనీవారికి మనసు లేదు. ఇంటెలు కంపెనీవారు 2017 ప్రాంతమున తెచ్చిన ఎనిమిదవ తరము ప్రాసెసరో అంతకు తరువాతిదో ఉండవలెనట, టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనము ఉండవలెనట. ఇవి లేని యంత్రము ఎంత గట్టిదైనను, ఎంత చక్కగా పనిచేయుచున్నను, క్రొత్త వ్యవస్థకు అంటరానిదే. ఈ నిబంధనల వలన ప్రపంచమున సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పల పాలు గావచ్చునని కెనాలిస్ అను పరిశీలక సంస్థవారు 2023లోనే అంచనా గట్టియుండిరి.

మన పట్టణములయందును, పెద్ద గ్రామములయందును దీని ఫలితము కనబడుచునే యున్నది. పిల్లవాని చదువుకని కొన్న లాప్‌టాపు, దుకాణములో లెక్కలకని పెట్టుకొన్న కంప్యూటరు, రైసుమిల్లు గుమాస్తా బల్లపైనున్న పాత యంత్రము, ఇవన్నియు ఒక్క తేదితో పనికిమాలినవైపోయినవని యజమానులు దిగులు చెందుచున్నారు. బాగుచేయువాని యొద్దకు పోయి అడిగినచో, “ఇది పాతదండీ, దీనిమీద డబ్బు పెట్టకండి, క్రొత్తది తీసికొనండి” అని జవాబు వచ్చుచున్నది. ఆ చెప్పువాడు క్రొత్తవానిని అమ్మువాడును అయినప్పుడు ఇంతకంటె వేఱు జవాబు ఎట్లు వచ్చును? అతనిని మేము తప్పు పట్టుట లేదు. అతని వర్తకము అతనిది. మన సొమ్ము మనది.

క్రొత్తది కొనుటకు ఇది మంచి అదనును కాదు. కృత్రిమ మేధస్సు అను పేర అమెరికా మొదలగు దేశములలో వెలసిన మహాయంత్రశాలలు జ్ఞాపకచిప్పులను ఎడాపెడా కొనివేయుటచేత, 2025వ సంవత్సరాంతమున వాని ధరలు లోకమంతట పెరిగిపోయినవి. ఆ యేడు డిసెంబరులోనే మైక్రాను అను పెద్ద తయారీకంపెనీవారు, సామాన్యులకు క్రూషియలు అను పేర అమ్ముచుండిన సరకునుండి వైదొలగుచున్నామని ప్రకటించిరి. కోటీశ్వరుల పందెములో సామాన్య గృహస్థు బేరము చేయలేడు గదా.

అసలు సామాన్య గృహస్థునకు కంప్యూటరుతో పనియేమి? ఒక జాబు వ్రాయవలెను, దరఖాస్తు నింపవలెను. కుమార్తె ఈఏపీసెట్ కౌన్సెలింగులో కళాశాలల వరుస ఎన్నుకొనవలెను. ఆంధ్రప్రదేశమున భూవసతి గలవాడు మీభూమిలో అడంగలును, 1-బిని చూచుకొనవలెను; తెలంగాణమున 2020లో వచ్చిన ధరణి పోయి 2025లో భూభారతి వచ్చినది గావున అచట చూచుకొనవలెను. బ్యాంకు లెక్క, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు, రాత్రిపూట ఒక సినిమా. ఇందులో దేనికిని మొన్న వచ్చిన ప్రాసెసరు అక్కఱలేదు. 2013లో తయారైనది చాలును. టెలిఫోను మీదనే ఇవన్నియు చేయవచ్చును గదా యని కొందఱందురు. చేయవచ్చును, కాని నాలుగు పుటల దరఖాస్తును అఱచేతిలో నింపి, సర్వే నంబరొకటి తప్పుకొట్టి, మరల కచేరీ చుట్టు తిరిగినవారికి పెద్ద తెర, చేతికి అందు మీటలు ఎంత యుపకారమో తెలియును.

పాత కంప్యూటరు మెల్లగా నడచుచున్నదన్న ఫిర్యాదు సత్యమే. కాని దానికి కారణము చాలమంది తలచునది కాదు. యంత్రపు మెదడు ముసలిదగుటచేత గాదు, దాని పెట్టె ముసలిదగుటచేత. పాత యంత్రములలో మన వ్రాతకోతలను దాచు హార్డుడిస్కు అనునది గ్రామఫోను పళ్లెము వంటిది; నిమిషమునకు 5,400 సార్లు గాని 7,200 సార్లు గాని గిరగిర తిరుగును; ఒక చిన్న ముల్లు దానిమీద ఇటు అటు పరుగెత్తి కావలసినదానిని వెదకి తెచ్చును. నేటి ప్రోగ్రాములు ఒకేసారి వందచోట్లనుండి చిన్నచిన్న ముక్కలు కోరుచున్నవి. ముల్లు పరుగెత్తలేక యంత్రమంతయు దానికై కాచుకొని కూర్చుండును. దానిని తీసివేసి, తిరుగు భాగములేవియు లేని ఎస్.ఎస్.డి. యను దానిని పెట్టినయెడల, మూడునాలుగు నిమిషములకు గాని తెఱవని కంప్యూటరు అర నిమిషములోపల తెఱచుకొనుట అనేకులకు అనుభవమే. ఇది నాలుగు మరలు విప్పి బిగించు పని. పట్టా సడలిన చక్రము కొఱకు బండినే అమ్మివేయు రైతు మనలో ఎవడును లేడు. కంప్యూటరు విషయమున మాత్రము చదువుకొన్నవారు ఆ పనియే చేయుచున్నారు.

రెండవది ర్యాము. నాలుగు జీబీ యున్నచోట ఎనిమిది చేసినయెడల ఇంటి యవసరములకు చాలును. అయితే పాతవానికి డి.డి.ఆర్.3, తరువాతివానికి డి.డి.ఆర్.4 అను భేదము కలదు. ఒకదానిలో మఱియొకటి పట్టదు, గావున యంత్రమును చూపియే కొనవలెను. లోపలి పంకాలో పేరుకొన్న దుమ్మును ఊదించుట, ప్రాసెసరుమీద ఎండిపోయిన పూతను మార్పించుట, తేది గుర్తుంచుకొను నాణెమంత బ్యాటరీని మార్చుట చిన్న పనులు. బ్యాటరీ ఉబ్బిన లాప్‌టాపును మాత్రము ఒక్కరోజైనను వాడరాదు, అది అగ్నిభయము. మఱియు కొన్ని చవుక లాప్‌టాపులలో ర్యామును, నిల్వచిప్పును పలకకే అతికించివేసిరి. వాటిని పెంచుటకు వీలులేదు. అట్టివానిమీద ఖర్చు పెట్టుట వ్యర్థమే.

ఇక లోపల నడుచు వ్యవస్థ సంగతి. కంపెనీవారు విండోసు 10 వాడుకొను గృహస్థులకు 2026 అక్టోబరు 13వ తేది వరకు ఒక్క యేడు గడువు ప్రకటించిరి. దానికి వెల ముప్పది డాలర్లన్నారు. సెట్టింగులను తమ భాండారముతో కలిపియుంచిన ఊరకనే యిత్తుమన్నారు. ఐరోపావారు గట్టిగా నిలిచి అడిగినందున వారి దేశములలో ఆ షరతులను సడలించిరి. అడిగినవారికి ఒక నీతి, అడుగనివారికి ఒక నీతి! ఎట్లున్నను గడువు గడువే. బాకీ వాయిదా వేసిన మాత్రమున తీఱదు.

తీఱు మార్గము వేఱొకటి యున్నది. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు అనునది, అంతకుముందు 1983లో రిచర్డు స్టాల్‌మను ప్రకటించిన గ్నూ ప్రణాళికతో కలిసి, నేడు మహావృక్షమైనది. ఎవరైనను తీసికొనవచ్చును, ఎన్ని యంత్రములలోనైనను పెట్టుకొనవచ్చును, లోపల ఏమున్నదో విప్పిచూచి మార్చుకొనవచ్చును, పైకము అడుగువాడు లేడు. ప్రపంచపు సర్వరులలో అధికభాగము దీనిమీదనే నడచుచున్నవి. జనుల చేతులలోని ఆండ్రాయిడు టెలిఫోనులలో నడుచు మూలము కూడ ఇదియే. కావున “ఊరక వచ్చినది ఎందుకు పనికివచ్చును” అను సందేహమునకు తావు లేదు. విండోసుకు అలవాటుపడినవారికి లినక్సు మింటు సులువుగా నుండును. బలహీనపు యంత్రములకు దానిలోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ యను తేలికరకము గాని, లుబుంటు గాని మేలు. ఒక పెను డ్రైవులో ఎక్కించి, యంత్రములోనిదానిని ముట్టకుండనే నడిపి చూచుకొనవచ్చును. శబ్దము వచ్చుచున్నదా, వైఫై అందుచున్నదా, ఇంటిలోని ప్రింటరును గుర్తించుచున్నదా యని పరీక్షించి, నచ్చినయెడలనే స్థాపించుకొనవచ్చును. కొనబోవు ఎద్దును ఒక చాలు దున్నించి చూచుకొనుట మనకు క్రొత్తది కాదు. స్థాపించుటకు ముందు ఫొటోలు, దస్తావేజులు మొదలగువానిని వేఱొక డిస్కునకు ఎత్తి పెట్టుకొనుట మఱవరాదు.

దీనికిని ఒక హద్దు కలదు. 32 బిట్ల ప్రాసెసరులతో 2006 ప్రాంతమునకు ముందు వచ్చిన యంత్రములను ఈ స్వేచ్ఛా వ్యవస్థలును విడిచిపెట్టుచున్నవి. దీర్ఘకాలము వాటిని ఆదరించిన డెబియను సైతము 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పుతో వాటిలో స్థాపించు సదుపాయమును తీసివేసినది. అంత ముసలివానిని పట్టుకొని వ్రేలాడవలెనని మేము చెప్పుట లేదు.

భాషాభిమానులు గమనింపవలసిన సంగతి ఒకటి. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. లినక్సులో తెలుగు చదువుటకును వ్రాయుటకును క్రొత్తగా కొనవలసినది ఏమియు లేదు. అందులోని లిబ్రెఆఫీసులో జాబులు, లెక్కల పట్టికలు తెలుగుననే వ్రాసికొనవచ్చును. హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగుననే పలుకు వ్యవస్థను సమకూర్చుటకు పూనుకొని కృషి చేసిరి. కేంద్రప్రభుత్వపు సీడాక్ సంస్థవారు బాస్ అను పేర భారతీయ భాషలతో ఒక లినక్సును తయారుచేసి 2007నుండి విడుదల చేయుచు వచ్చిరి. పెరటి చెట్టు గనుక దానిని అడుగువారు తక్కువ.

అయినను, అందఱును రేపే మారవలెనని చాటుట న్యాయము గాదు. మన అచ్చుపని వారి స్థితినే చూడుడు. విజయవాడనుండి వరంగల్లు వరకు పెండ్లిపత్రికలు, కరపత్రములు, పుస్తకములు కూర్చు డీటీపీ దుకాణములలో ఇప్పటికిని పేజ్‌మేకరు, అను ఫాంట్లు రాజ్యమేలుచున్నవి. పేజ్‌మేకరు చివరి కూర్పు 2001లో వచ్చినది. దానిని తయారించిన అడోబీవారు 2004లోనే దాని యభివృద్ధిని మానుకొనిరి. అను ఫాంట్లలోని యక్షరములు యూనికోడునకు చెందినవి గావు. ఇరువది యేండ్లుగా ఆ మీటల వరుసకు వ్రేళ్ళు అలవాటుపడిన కూర్పరిని, ఆ రూపములో నిలువచేసిన వేలకొలది పుటలను విడిచి రమ్మనుట అతని జీవనోపాధిని విడువుమనుటయే. టాలీ మీద లెక్కలు వ్రాయు వర్తకునికి, సంతకపు టోకెను తగిలించి రిటర్నులు పంపు ఆడిటరునకు కూడ ఇట్టి చిక్కులే కలవు. ఇట్టివారికి మా సలహా వేఱు. పాత యంత్రమును పాత వ్యవస్థతోనే యుంచుకొనుడు. కాని దానికి ఇంటర్నెట్టు తీగను తగిలింపకుడు. అది కూర్పుపని మాత్రమే చేయవలెను. ఉత్తరప్రత్యుత్తరములకు, బ్యాంకు పనులకు రెండవ యంత్రము వేఱుగా నుండవలెను. ఒకదానినుండి మఱియొకదానికి పెను డ్రైవుతో మోయునప్పుడు దానిని పరీక్షించి మోయవలెను. క్రమముగా యూనికోడునకు మారుట మంచిదే. అది ఒక తరము పని.

ఇంతగా చెప్పుటకు కారణము లేకపోలేదు. 2017 మే నెలలో వనాక్రై అను విషకీటకము లోకమంతట ప్రాకి, యంత్రములలోని దస్తావేజులకు తాళములు వేసి, విడుదలకు పైకము కోరినది. ఆంధ్రప్రదేశపు పోలీసుశాఖలోని కంప్యూటర్లు కొన్ని సైతము దాని వాతబడినవి. దానికి విరుగుడును కంపెనీవారు రెండు నెలలు ముందుగా, మార్చిలోనే, ఇచ్చియుండిరి. వేసికొన్నవారు బ్రతికిరి, వేసికొననివారు చిక్కిరి. ఆనాటి దెబ్బ పాత యినుమునకు తగిలినది కాదు, టీకా వేయించుకొనని వ్యవస్థకు తగిలినది. నేడు విండోసు 7 తో బ్యాంకు పనులు చేయువారు ఈ సంగతిని తలచుకొందురు గాక. దానికి 2020 జనవరి 14వ తేదితోనే పోషణ నిలిచిపోయినది. క్రోము బ్రౌజరు 2023 ఆరంభమున దానిని వదలినది. క్రొత్త వ్యవస్థ వేసిన పాత యంత్రము, పాత వ్యవస్థతో నున్న క్రొత్త యంత్రముకంటె క్షేమకరము.

ఇచట మఱియొక దురాచారమును ప్రస్తావింపక తప్పదు. వంద రెండువందలు పుచ్చుకొని విండోసు దొంగకాపీని వేసియిచ్చుట మన బజారులలో బహిరంగ వర్తకమైనది. దానిలో తాళము పగులగొట్టుటకు వాడు పనిముట్టు ఎవరు చేసినదో, లోపల ఏమి దాచినదో వేయువానికే తెలియదు. ఊరక దొరకు నిజమైన వస్తువు ఎదుట నుండగా, దొంగవస్తువును కొని, ఇంటి తాళపుచెవిని దొంగ చేతికే ఇచ్చుట ఎంతటి తెలివి!

ఇంటిలో పాతది లేనివారు, తక్కువ ఖర్చుతో ఒకటి కావలసినవారు, వాడినదానిని కొనుటకు సంకోచింపనక్కఱలేదు. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని పెద్ద కంపెనీలు మూడునాలుగేండ్లకొకసారి తమ లాప్‌టాపులను మార్చివేయుచుండును. థింక్‌ప్యాడు, లాటిట్యూడు, ఎలైట్‌బుక్ అను పేర్లతో వచ్చు ఆ యుద్యోగపు రకములు గట్టి కట్టడము గలవి. మరలు విప్పి భాగములు మార్చుకొనుటకు అనువైనవి. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరులో, మదరాసు రిచీ వీధిలో, ఢిల్లీ నెహ్రూప్లేసులో ఇట్టివి దొరకుచున్నవి. అదే వెలకు వచ్చు చవుకరకపు క్రొత్త లాప్‌టాపుకంటె ఇవి మేలని మా నిశ్చితాభిప్రాయము. అయితే బజారు బజారే. తెఱిచి చూపించుకొనుడు. బ్యాటరీ పట్టును, డిస్కు ఆరోగ్యమును చూపించుకొనుడు. లోపలి బయాసునకు పాత యజమాని పెట్టిన సంకేతపదము మిగిలియున్న యంత్రమును ఎంత చవుకైనను తాకకుడు. అది దొంగసొత్తైనను కావచ్చును. బిల్లు లేనిదే కొనకుడు.

ఖద్దరు ఉద్యమమునాడు మన పెద్దలు వేసిన ప్రశ్నయే నేడును వేయవలసియున్నది: మన పైకము ఎక్కడికి పోవుచున్నది? మన దేశమున అమ్ముడుపోవు లాప్‌టాపులలో అధికభాగము చీనానుండి వచ్చుచుండుట చూచియే, 2023 ఆగస్టు 3వ తేదిన కేంద్రప్రభుత్వమువారు వాని దిగుమతికి లైసెన్సు కావలెనని ప్రకటించిరి. అలజడి పుట్టగానే వెనుకంజ వేసి, ఆ యేడు నవంబరునుండి దిగుమతుల నమోదుతో సరిపెట్టుకొనిరి. లైసెన్సులు ఒకనాడు వచ్చును, ఒకనాడు పోవును. ఉన్నదానిని మఱి అయిదేండ్లు నడుపుకొన్నవాడు మాత్రము ప్రభుత్వపు ఉత్తరువు లేకుండనే ఒక దిగుమతిని ఆపినవాడగుచున్నాడు. బాగుచేయుటకు ఇచ్చిన కూలి మన వీధిలోని పనివానికి చేరుచున్నది.

పాఱవేసినది ఎక్కడికి పోవుచున్నది అనునది రెండవ ప్రశ్న. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రచురించిన నివేదిక ప్రకారము, 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలెక్ట్రానిక్ చెత్త పుట్టినది. అందులో సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22.3 పాళ్ళు మాత్రమే. అట్టి చెత్తను పుట్టించు దేశములలో చీనా, అమెరికాల తరువాత మన దేశమే. ఢిల్లీ సీలంపూరులో బీదలు, పిల్లలతో సహా, తీగలను కాల్చి రాగి తీయుచు, పలకలను ఆమ్లములో ముంచుచు ఆ విషమును పీల్చుచుండుట అనేకులు చూచి వ్రాసినదే. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నిబంధనలు తయారీదారులమీద బాధ్యత మోపినవి. కాగితముమీద బాగుగనే యున్నవి. లాప్‌టాపు జీవితకాలమున కలుగు కాలుష్యములో ఎక్కువ పాలు దాని తయారీలోనే కలుగుచున్నది గావున, తయారైనదానిని ఎక్కువకాలము వాడుటకు మించిన శుద్ధి లేదు.

ప్రభుత్వములు చేయవలసిన పని చాల యున్నది. పొరుగున కేరళమువారు 2001లో పాఠశాలలకై ఐటీ@స్కూల్ అను ప్రణాళికను ఆరంభించి, క్రమముగా బడులన్నిటను స్వేచ్ఛా సాఫ్టువేరునకు మారిరి. నేడు కైట్ అను సంస్థ తమ బడులకు తగిన లినక్సును తామే కూర్చుకొని, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి నడుపుచున్నది. లైసెన్సులకు పోవలసిన ధనము వారికి మిగిలినది. పిల్లలకు ఒక కంపెనీ మీటలు గాక కంప్యూటరు తత్త్వము పట్టువడినది. కేరళ బిడ్డకు సాధ్యమైనది తెలుగు బిడ్డకు ఏల అసాధ్యము కావలెను? కేంద్రమున వినియోగదారుల వ్యవహారశాఖవారు బాగుచేయించుకొను హక్కు విషయమై 2022లో ఒక సంఘమును నియమించి, ఆ యేడే ఒక పోర్టలును తెఱచిరి. విడిభాగములు ఎన్నేండ్లు దొరకవలెనో, వ్యవస్థకు ఎన్నేండ్లు రక్షణ ఇయ్యవలెనో శాసనము చెప్పవలెను. పోర్టలుతో అది తీఱదు.

మన రెండు రాష్ట్రములలోను ప్రభుత్వ కార్యాలయములు ఏటేట పాత కంప్యూటర్లను మూలబెట్టి, తుదకు తుక్కు వేలములో పెట్టుచున్నవి. ప్రజల భూముల వివరములు, కేసుల వివరములు ఉన్న డిస్కులు తుడిచిపెట్టకుండ తుక్కుకొట్టునకు పోరాదు. దానికి ఒక అధికారి సంతకము బాధ్యతగా నుండవలెను. డిస్కులు తీసివేసిన యంత్రములలో పనికివచ్చువానిని ఏఱి, ఎస్.ఎస్.డి.లు పెట్టి, తెలుగు లినక్సు వేసి, శాఖాగ్రంథాలయములకు పంపవలెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను ప్రజలు చెల్లించుచునే యున్నారు. పాలిటెక్నిక్ విద్యార్థులు ఒక వేసవిలో ఈ పనిని నేర్చుకొనుచు చేయగలరు. మొదట ఒక జిల్లాలో చేసి చూపించినచో చాలును. వచ్చు బడ్జెటు సమావేశములలోపల ఏ మంత్రివర్యులైనను ఈ లెక్క తెప్పించి, గత అయిదేండ్లలో ఎన్ని కంప్యూటర్లు ఎంతకు వేలము వేసిరో, వాని స్థానమున క్రొత్తవి ఎంతకు కొనిరో శాసనసభ యెదుట పెట్టవలెనని కోరుచున్నాము.